నీటి వెంట సైకిలు: ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా కాలువ గట్ల మీద మూడు రోజులు

గోదావరి డెల్టాలో సైకిలు మీద తిరగాలని వచ్చేవాళ్ళలో చాలామంది మొదటి గంటలోనే పొరపాటు చేస్తారు. ఫోనులో మ్యాపు తెరిచి రాజమండ్రి నుంచి అమలాపురానికి దారి అడుగుతారు. అది హైవే ఎక్కిస్తుంది. రావులపాలెం దాకా లారీల పక్కన బిక్కుబిక్కుమంటూ తొక్కి, అక్కణ్ణుంచి బస్సులకూ కొబ్బరి లోడ్లకూ దారిచ్చుకుంటూ వెళ్ళి, సాయంత్రానికి చెవుల్లో హారన్ల హోరుతో లాడ్జికి చేరతారు. "కోనసీమ అందంగానే ఉందిగానీ సైకిలుకు పనికిరాదండీ" అని తేల్చేసి మర్నాడు రైలెక్కేస్తారు. నాకు బాధేసే మాట అది. ఎందుకంటే, మన దేశంలో సైకిలుకు ఇంతకన్నా అనువైన నేల నేను చూడలేదు.

ఇక్కడ రోడ్డును నమ్ముకుని బయల్దేరకూడదు, నీటిని నమ్ముకోవాలి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక, అక్కణ్ణుంచి సముద్రం దాకా కాలువలు పాయలు పాయలుగా పారాయి. అవి పొలాలు తడపడానికి మాత్రమే తవ్వినవి కావు, పడవలు నడవడానికి కూడా. రైళ్ళూ లారీలూ రాకముందు ధాన్యమూ కొబ్బరీ వెళ్ళింది వీటి మీదే. గాలి లేనప్పుడు పడవను గట్టు మీంచి మనుషులు తాడుతో లాగేవారు. అంటే ఈ గట్లు మనిషి నడక కోసం పుట్టిన దార్లు. ఎత్తుపల్లాలు లేవు, హఠాత్తుగా వచ్చే మలుపులు లేవు, పక్కనే నీళ్ళు, పైన చెట్ల నీడ. ఫ్రాన్సులో బర్గండీ ప్రాంతంలో ద్రాక్షతోటల మధ్య, పాత పడవల కాలువల గట్ల మీద సైకిలు తొక్కడానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం వెళ్తారు. మనకు ద్రాక్షతోటలు లేవు. కొబ్బరితోటలూ వాటి కింద కోకో చెట్లూ, అరటీ తమలపాకూ వరీ ఉన్నాయి. గట్లు మాత్రం అచ్చం అలాంటివే.

ఈ మార్గదర్శిలో ఆ గట్లను ఎలా గుర్తించాలో, ఎప్పుడు ఎక్కాలో, మూడు రోజుల్లో ఆనకట్ట నుంచి సాగరసంగమం దాకా ఎలా వెళ్ళాలో చెబుతాను.

ముందుగా గట్లను గుర్తుపట్టడం నేర్చుకోండి

ఇది వస్తే మ్యాపు లేకపోయినా పర్వాలేదు. ఇది రాకపోతే ఎంత ఖరీదైన సైకిలున్నా బురదలో మోసుకు తిరగాల్సి వస్తుంది.

డెల్టాలో నీటిదారులు రెండు రకాలు. నీళ్ళు తెచ్చేది పంట కాలువ, తీసుకుపోయేది డ్రైను. పంట కాలువ నుంచి నీళ్ళు వాటంతటవే పొలాల్లోకి దిగాలి కాబట్టి దాన్ని ఎత్తైన నేల మీదుగా తీస్తారు. పొలాల్లోంచి మిగులు నీళ్ళు దిగిపోవాలి కాబట్టి డ్రైను పల్లంలో ఉంటుంది. సైకిలు తొక్కేవాడికి ఇంతకన్నా పనికొచ్చే కబురు లేదు. పంట కాలువ గట్టు ఎత్తున ఉంటుంది, గట్టిగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది, ఊళ్ళన్నీ దాన్ని పట్టుకునే ఉంటాయి. డ్రైను గట్టు మెత్తన, గడ్డి ఎక్కువ, రెండు చినుకులు పడితే నల్లమట్టి చక్రాలకు పిండిలా అంటుకుంటుంది, ఊళ్ళు దూరం.

రెంటినీ వేరు చేయడం తేలిక. నీళ్ళ మట్టం పక్క పొలం కన్నా పైన ఉందా, కింద ఉందా చూడండి. పైన ఉండి, అక్కడక్కడా తూములు పెట్టి బోదెల్లోకి, అంటే పిల్లకాలువల్లోకి, నీళ్ళు వదులుతుంటే అది పంట కాలువ. కింద ఉండి, నీళ్ళు కదలక, గుర్రపుడెక్క నిండిపోయి ఉంటే అది డ్రైను. ఒక జనవరిలో నేను ఈ తేడా పట్టించుకోకుండా మ్యాపులో సన్నటి గీత కనబడగానే గట్టు ఎక్కేశాను. నాలుగు కిలోమీటర్లు బాగానే సాగింది. తర్వాత గడ్డి మోకాళ్ళ దాకా వచ్చింది, ఆ తర్వాత గట్టు కాస్తా రొయ్యల చెరువు కట్టలో కలిసిపోయింది. ఎదుటి ఒడ్డున ఊరి గుడి గోపురం కనబడుతోంది, మధ్యలో వంతెన లేదు. వెనక్కి వచ్చేసరికి చీకటి పడింది. డెల్టాలో దూరం ఎప్పుడూ సమస్య కాదు, దాటడమే సమస్య అని ఆరోజు బాగా తెలిసొచ్చింది.

ఇంకో రెండు మాటలు కూడా తెలిసి ఉండాలి. వరద ఊళ్ళ మీద పడకుండా నది వెంట వేసిన పెద్ద కట్ట ఏటిగట్టు. దాని మీద నుంచి గోదావరీ, నది మధ్య దీవుల్లాంటి లంకలూ అద్భుతంగా కనిపిస్తాయి. కానీ నదిలోంచి ఇసుక తోడే ర్యాంపు ఉన్న చోట లారీలు దుమ్ము రేపుతూ తిరుగుతుంటాయి, అక్కడ దిగిపోయి ఊళ్ళోంచి వెళ్ళడం మంచిది. పొలాల మధ్య బండ్ల కోసం వదిలిన దారి పుంత. ఒక కాలువ నుంచి ఇంకో కాలువకు మారడానికి పుంతలే అడ్డదార్లు. ఎండాకాలంలో పుంత రాజబాట, వానాకాలంలో ఊబి.

పెద్ద కాలువకు రెండు గట్లుంటే, సాధారణంగా ఒక దాని మీద తారురోడ్డు ఉంటుంది. రెండోది మట్టిదో, గ్రావెల్‌దో, పాత సిమెంటుదో అయి ఉంటుంది. మీకు కావాల్సింది ఆ రెండోది. దాని మీద మోటారు సైకిళ్ళూ గేదెలూ బడి పిల్లలూ తప్ప వేరే రద్దీ ఉండదు. ప్రతి ఊరి దగ్గరా వంతెన ఉంటుంది కాబట్టి, దారి చెడితే అవతలి గట్టుకు మారిపోవచ్చు.

దారి అడిగే పద్ధతి కూడా ఒకటుంది. "అమలాపురం ఎంత దూరం?" అని అడిగితే మీ మీద జాలిపడి బస్సు ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. "ఏవండీ, ఈ గట్టు మీద సైకిలు పోతుందాండీ? ముందు వంతెన ఉందాండీ?" అని అడగండి. "ఆయ్, లాకుల దాకా తిన్నగా ఎల్లిపోవచ్చండి, ఆ తరవాత మాత్రం అవతల గట్టెక్కేయండి" అని, మ్యాపులో ఎక్కడా లేని సంగతి చెబుతారు. లాకులంటే కాలువ నీళ్ళను ఆపి వదిలే తలుపులు, పడవలను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించేవి. పెద్దవాళ్ళను బాబాయ్ గారూ అనో, పిన్ని గారూ అనో పలకరిస్తే మాట ఇంకాస్త సాగుతుంది. ఇక్కడివాళ్ళు అండీ లేకుండా పసిపిల్లలతో కూడా మాట్లాడరు, మీరూ అలాగే మాట్లాడండి.

ఎప్పుడు వెళ్ళాలి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి చివరి దాకా. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను భయం ఉంటుంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను గురించి కోనసీమలో ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతారు. తోటలకు తోటలు నేలమట్టమయ్యాయి. కాబట్టి ఆ రోజుల్లో వాతావరణ హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయడమే, వేరే ఆలోచన వద్దు.

శీతాకాలం ఎందుకు మంచిదంటే గాలి. ఆ నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. మనం వెళ్ళేది ఉత్తరం నుంచి దక్షిణానికి, అంటే గాలి వీపు మీద చెయ్యి వేసి నెడుతున్నట్టు ఉంటుంది. మార్చి నుంచి మధ్యాహ్నం పూట సముద్రం వైపు నుంచి ఎదురుగాలి మొదలవుతుంది. ఎండల్లో అది హాయిగా ఉంటుందిగానీ తొక్కేవాడికి మాత్రం కొండ ఎక్కినంత కష్టం. పైగా ఏప్రిల్ మధ్య నుంచి మరమ్మతుల కోసం సాధారణంగా కాలువలు కట్టేస్తారు. నీళ్ళు లేని కాలువ వెంట తొక్కడంలో అందం లేదు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వస్తేనే లంకల్లోకి నీళ్ళు దిగడం మొదలవుతుంది, రేవుల్లో జనాన్నీ బండ్లనూ దాటించే పంట్లు ఆగిపోతాయి. 1986 ఆగస్టు వరదను చూసినవాళ్ళు ఏటిగట్టు మీద రాత్రంతా ఎలా కాపలా కాశారో చెబుతుంటే వినాలి. పులస చేప కోసం ఆ కాలంలోనే రావాలనుకుంటే సైకిలు ఇంటి దగ్గర వదిలి రండి.

శీతాకాలంలో కూడా రెండు సందర్భాలు చూసుకోండి. ఒకటి సంక్రాంతి. మూడు రోజులూ చిన్న రోడ్ల మీద కూడా కార్లు నిండిపోతాయి. అయినా కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలని ఉంటే, ఆ రోజు తొక్కడం మానేసి అక్కడే ఉండిపోండి. ఏకాదశ రుద్రుల ప్రభలను, అంటే దేవుణ్ణి నిలిపి అలంకరించిన ఎత్తైన చట్రాలను, మనుషులు భుజాల మీద మోస్తూ పచ్చటి చేలల్లోంచి, కాలువలో దిగి తీసుకురావడం చూశాక ఆ రోజు వృథా అయిందని అనుకోరు. రెండోది భీష్మ ఏకాదశి. అప్పుడు అంతర్వేది కల్యాణోత్సవాలకు జనసముద్రం వస్తుంది, సైకిలు నడిపించుకుపోవడానికి కూడా చోటుండదు.

సైకిలు, సామాను

గేర్లు అవసరం లేదు. ఈ దారిలో మీరు ఎక్కే ఎత్తులన్నీ వంతెనలే. చూసుకోవాల్సింది టైరు. సన్నటి రేసు టైర్లు గ్రావెల్ మీద జారతాయి, 35 మిల్లీమీటర్లకు పైన వెడల్పున్నవి ఉండాలి. గట్ల మీద తుమ్మముళ్ళు ఎక్కువ, రోజుకొక పంక్చరు మామూలే అనుకుని బయల్దేరండి. రెండు ట్యూబులు, ప్యాచీలు, చిన్న పంపు దగ్గర ఉండాలి. ట్యూబుకు సన్నటి ఫారిన్ వాల్వు ఉంటే దానికి సరిపడే పంపు మీరే తెచ్చుకోవాలి. ఊళ్ళోని సైకిల్ షాపులో పాత వాల్‌ట్యూబుకు గాలి కొట్టే పంపు మాత్రమే ఉండొచ్చు.

ఆ షాపుల గురించి ఒక మాట. మామూలు సైకిలుకు ఏ ఊళ్ళోనైనా బాగుచేసేవాళ్ళు దొరుకుతారు, చువ్వ విరిగినా చైను తెగినా అరగంటలో పని అయిపోతుంది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు చెడితే రాజమండ్రిలోనో కాకినాడలోనో తప్ప దిక్కు లేదు. అందుకే కొత్తగా కొనేవాళ్ళకు నేను చెప్పేది: క్యారేజీ, స్టాండు, మడ్‌గార్డులు ఉన్న మామూలు సైకిలే ఈ నేలకు సరైనది. బయల్దేరే ముందు ఓవరాయిలింగ్ చేయించి, బ్రేకు రబ్బర్లు మార్పించండి.

బట్టలు రెండు జతలు, తువ్వాలు, టోపీ, లైటు, బెల్లు, రాత్రికి దోమల మందు. గంటకు అర లీటరు నీళ్ళు తాగుతామని లెక్క వేసుకుని రెండు సీసాలు పెట్టుకోండి. మధ్యలో కొబ్బరిబొండాలకు కొదవ లేదు. సామాను వీపున మోయకండి, క్యారేజీకి రెండు వైపులా సంచుల్లో వేలాడదీయండి.

రైల్లో తెచ్చేవాళ్ళు సైకిలును లగేజీగా బుక్ చేయాలి. గంటన్నర ముందే స్టేషన్‌కు చేరి, అట్టలతో చుట్టి, పేరూ ఫోన్ నంబరూ దిగే స్టేషనూ పెద్ద అక్షరాలతో రాయండి. రాజమండ్రిలో రైళ్ళు కాసేపే ఆగుతాయి కాబట్టి బండి ఆగగానే లగేజీ పెట్టె దగ్గరికి మీరే వెళ్ళాలి. తిరుగు ప్రయాణం నరసాపురం నుంచి పెట్టుకోమనడానికి కారణం కూడా ఇదే. అది చివరి స్టేషన్, రైలు అక్కడే బయల్దేరుతుంది, ఎక్కించడానికి తొందర ఉండదు.

మొదటి రోజు: ఆనకట్ట నుంచి లాకుల దాకా, రావులపాలెంలో బస

దూరం సుమారు 35 కిలోమీటర్లు. తక్కువే, కానీ ఆగాల్సిన చోట్లు ఎక్కువ.

తెల్లవారుజామున అయిదున్నరకల్లా రాజమండ్రి వదిలేయండి. ధవళేశ్వరం ఎనిమిది కిలోమీటర్ల లోపే. కాటన్ బ్యారేజీని ఆరున్నర లోపు దాటాలి, ఆ తర్వాత వంతెన మీద రద్దీ పెరుగుతుంది. ఇప్పుడు మనం దాటేది పాత ఆనకట్ట కాదు. 1970లో మొదలై 1982లో పూర్తయిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు చేతులు, 175 గేట్లు. డిసెంబరులో ఆ వేళకు మంచు దట్టంగా ఉంటుంది, గేట్ల కింద నీళ్ళ చప్పుడు వినబడుతుంది తప్ప నీళ్ళు కనబడవు. వెనక లైటు వెలిగించే ఉంచండి. కాటన్ మ్యూజియం చూడాలనుకుంటే ముందురోజు సాయంత్రమే చూసేయడం మంచిది. లాకులు, తూములు ఎలా పనిచేస్తాయో అక్కడి నమూనాలు చూస్తే తర్వాతి మూడు రోజులూ కళ్ళకు కనబడేది వేరుగా ఉంటుంది.

పిచ్చుకలంక దాటి బొబ్బర్లంక దగ్గర దిగాక మధ్య డెల్టా మొదలవుతుంది. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వసిష్ఠ, మధ్యలో మనం. ఇక్కడే ప్రధాన కాలువ పుడుతుంది. దాన్ని పట్టుకోండి, ఇక రోజంతా దాని వెంటే.

ఆత్రేయపురంలో టిఫిన్ చేసి, పూతరేకులు చేసే ఇంటి దగ్గర అనుమతి అడిగి కాసేపు నిలబడండి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వీటికి, కానీ ఆ సంగతి కన్నా పని చూడటం ముఖ్యం. నున్నటి కుండ బోర్లించి ఉంటుంది, కింద కొబ్బరాకుల మంట. పక్కన గిన్నెలో బియ్యప్పిండి నీళ్ళలా పల్చగా. ఆమె తెల్లటి గుడ్డముక్కను రెండు చేతులతో పట్టుకుని పిండిలో ముంచి, కుండ మీద ఒక్కసారి అలా లాగేస్తుంది. సుయ్‌మని ఆవిరి లేస్తుంది. రెప్పపాటులో అంచు లేచిన రేకును వేలితో తీసి పక్కన పెడుతుంది. ఎదురుగా కాగితం పట్టుకుంటే అక్షరాలు కనిపించేంత పల్చన. మంట కొంచెం పెరిగితే చిల్లులు పడుతుంది, తగ్గితే అంటుకుంటుంది. ఆమె మంట వైపు చూడనే చూడదు, చేతికి తగిలే వేడిని బట్టి కాలితో ఆకు లోపలికి నెడుతుంది. బెల్లం పూతరేకులు డబ్బా కొనుక్కోండి, సైకిలు మీద రెండు రోజులు పాడవవు. సంచిలో పైన పెట్టాలి, గతుకులకు పొడి అయిపోతాయి.

అక్కణ్ణుంచి గట్టు వెంట లొల్ల. తొందరపడకండి. లాకుల దగ్గర కాలువ చీలుతుంది, ఒక పాయ గన్నవరం వైపు, ఒక పాయ అమలాపురం వైపు. నీళ్ళు తలుపుల కింద నుంచి నురగలు కక్కుకుంటూ దిగుతాయి, పెద్ద పెద్ద చెట్ల నీడ దాని మీద పడుతుంది. ఈ లాకులను మీరు సినిమాల్లో చాలాసార్లు చూసే ఉంటారు. కానీ ఉదయం తొమ్మిదింటికి అక్కడ మెట్ల మీద కూర్చుని, పడవ ఒకటి పై మట్టం నుంచి కింది మట్టానికి ఎలా దిగేదో ఊహించుకుంటే, కాటన్ దొరకు ఇక్కడివాళ్ళు ఊరూరా గుర్రం మీద విగ్రహాలు ఎందుకు పెట్టుకున్నారో అర్థమవుతుంది. ఒక హెచ్చరిక: లాకుల దగ్గర నీళ్ళలో దిగకండి. పైకి నెమ్మదిగా కనబడినా కింద సుడి ఉంటుంది.

అక్కణ్ణుంచి ఓపికను బట్టి ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడికో, గౌతమి ఒడ్డున వాడపల్లి వెంకన్న గుడికో వెళ్ళి రావచ్చు. వాడపల్లికి శనివారం తప్ప ఏ రోజైనా పర్వాలేదు. ఏడు శనివారాల మొక్కుతో వచ్చేవాళ్ళ రద్దీ ఆ రోజు విపరీతం.

మధ్యాహ్నానికి రావులపాలెం. హైవే పక్కన ఊరు కాబట్టి అందం ఆశించకండి, లాడ్జీలు మాత్రం దొరుకుతాయి. మర్నాడు పొద్దున్నే అరటి మార్కెట్‌కు వెళ్ళండి. చుట్టుపక్కల రైతులు సైకిలుకు రెండు వైపులా గెలలు కట్టి, తొక్కడానికి చోటు లేక నడిపించుకుంటూ వస్తారు. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి గెలలు వరసలుగా పేర్చి ఉంటాయి. వాళ్ళ సైకిళ్ళు చూశాక నా క్యారేజీ మీది బరువు గురించి నేను మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

రెండో రోజు: గన్నవరం కాలువ వెంట, రాజోలు దాకా

సుమారు 45 కిలోమీటర్లు. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ప్రశాంతమైన రోజు ఇదే.

గన్నవరం కాలువ గట్టు పట్టుకుని దక్షిణానికి వెళ్ళాలి. రెండు కిలోమీటర్లు దాటగానే హైవే హోరు వినబడదు. ఆ తర్వాత వినిపించేవి మూడే: మీ చైను చప్పుడు, కాలువ రేవుల్లో బట్టలు ఉతికే చప్పుడు, తోటలో ఎక్కడో కొబ్బరికాయ దబ్బున పడిన చప్పుడు. ఆ మూడోది విన్నప్పుడు జాగ్రత్త. చెట్టెక్కి కాయలు దింపుతున్న తోట కింద నుంచి వెళ్ళాల్సి వస్తే ఆగి, పైనున్న దింపు కార్మికుడికి కేక వేసి, ఆయన సరేనన్నాకే కదలండి. రాలిన కాయ కనబడితే తీసుకోకండి. తోట కంచె లేకుండా ఉన్నంత మాత్రాన ఎవరిదీ కాదని కాదు. అడిగితే బొండం కొట్టి ఇస్తారు, డబ్బులిస్తే తీసుకోకుండా మొహమాటపడేవాళ్ళూ ఉంటారు. ఇవ్వండి.

నవంబరు చివరి నుంచి డిసెంబరు దాకా సార్వా, అంటే వానాకాలపు వరి, కోతల కాలం. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటారు. దాని మీదుగా తొక్కకండి, దిగి పక్క నుంచి నడిపించుకుంటూ వెళ్ళండి. ఆర్నెల్ల కష్టం అది. జనవరికి వస్తే అవే పొలాల్లో దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు పడుతుంటాయి, నీళ్ళు నిలిచిన మడుల్లో కొబ్బరిచెట్ల నీడలు తలకిందులుగా కనిపిస్తాయి.

వీలుంటే మధ్యలో అంబాజీపేట వైపు ఒక పుంత పట్టుకుని పక్కకు వెళ్ళి రండి. కొబ్బరి వ్యాపారానికి పేరున్న ఊరు, కాయ ఒలుపు జరిగే చోట పీచు గుట్టలు ఇంటి ఎత్తున ఉంటాయి. ఆ ఊరి పొట్టిక్కలు తినాలి. పనసాకులతో కుట్టిన చిన్న బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. పొద్దున ఎనిమిది దాటితే అయిపోతాయి, అందుకే ఆశ ఉంటే ఆ రోజు ఇంకాస్త ముందు బయల్దేరాలి.

పి.గన్నవరం దగ్గర కాలువ వైనతేయ పాయకు అడ్డం వస్తుంది. అక్కడ ఏం చేశారో చూడటానికి నేను ఇప్పటికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. నది మీంచి కాలువను దాటించారు. కింద వైనతేయ, పైన కాలువ. పాత అక్విడక్టు 1850ల్లో కట్టింది, 49 కమానులు. దాని పక్కనే 2000లో పూర్తయిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఈ పక్కనే ఉన్న లంకల గన్నవరం ఆమె ఊరు. వేళాపాళా చూడకుండా, కులమూ అడగకుండా ఆకలన్నవాళ్ళందరికీ అన్నం పెట్టిన ఇల్లాలు, 1909లో కన్నుమూశారు. మధ్యలో సైకిలు ఆపి కిందికి చూడండి. నది ఒక దారిన, కాలువ ఇంకో దారిన, ఒకదాని నీళ్ళు ఒకటి తాకకుండా వెళ్తాయి. అక్కడ పడవ తాళ్ళు లాగినవాళ్ళ పాదాలను తల్చుకోకుండా ఉండలేను.

అవతలి ఒడ్డు నుంచి రాజోలు దాకా కాలువ పాయలు అనేకం. ఇక్కడ మాత్రం ప్రతి వంతెన దగ్గరా అడగాలి. జాతీయ రహదారి 216 దగ్గరపడే కొద్దీ లారీల మోత మొదలవుతుంది, దాన్ని అడ్డంగా దాటండి తప్ప దాని వెంట వెళ్ళకండి. రాత్రికి రాజోలులో చిన్న లాడ్జీ చూసుకోవచ్చు, కొంచెం అవతల దిండిలో వసిష్ఠ ఒడ్డున పర్యాటక బస ఉంది. చీకటి పడకముందే చేరిపోండి. పొద్దు గూకాక గట్ల మీద గడ్డిలో పాములు తిరుగుతాయి, వీధి దీపాలు ఊళ్ళోనే ఉంటాయి.

మూడో రోజు: అంతర్వేది, పంటు, నరసాపురం

సుమారు 45 కిలోమీటర్లు, అందులో కొంత వెళ్ళిన దారినే వెనక్కి రావాలి.

సఖినేటిపల్లి దాటాక నేల మారడం తెలుస్తుంది. మట్టిలో ఇసుక ఎక్కువవుతుంది, వరి తగ్గి చెరువులూ సరుగుడు తోటలూ మొదలవుతాయి, గాలిలో ఉప్పు వాసన. ఉదయం ఆరుకల్లా బయల్దేరితే తొమ్మిదింటికి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర ఉంటారు. దర్శనం చేసుకుని, లైట్‌హౌస్ వైపు వెళ్ళి, అక్కణ్ణుంచి అన్నాచెల్లెళ్ళ గట్టుకు సైకిలు నడిపించుకుంటూ వెళ్ళండి. ఇసుకలో తొక్కితే చైనులోకి ఇసుక పోతుంది. అక్కడ వసిష్ఠ సముద్రంలో కలుస్తుంది. నది రంగూ సముద్రం రంగూ మధ్య గీత కంటికి తెలుస్తుంది. మొదటి రోజు ధవళేశ్వరం గేట్ల కింద మంచులో చప్పుడు మాత్రమే విన్న నీళ్ళు ఇవే. సంగమం దగ్గర లోతూ లాగుడూ ఎక్కువ, స్నానానికి స్థానికులు చూపించిన చోటే దిగండి.

ఎండ ముదిరేలోగా సఖినేటిపల్లి రేవుకు తిరిగి రండి. పంటు ఎక్కితే అవతల మాధవాయిపాలెం, అక్కణ్ణుంచి నరసాపురం ఊళ్ళోకి కాసేపే. ఉదయం రేవు మీదుగా వెళ్ళేటప్పుడే ఆ రోజు పంట్లు తిరుగుతున్నాయో లేదో, ఆఖరిది ఎన్నింటికో అడిగి ఉంచుకోండి. పంటు మీద సైకిలును అంచుకు దూరంగా, మోటారు సైకిళ్ళ వెనక స్టాండు వేసి, ఒక చెయ్యి దాని మీదే ఉంచండి. ఒడ్డుకు తగిలేటప్పుడు కుదుపు వస్తుంది. ఏ కారణంగానైనా పంటు ఆగిపోతే చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వైపు దాటాలి, అది జాతీయ రహదారి దారి. అప్పుడు ఎండ తగ్గేదాకా ఆగి, చీకటి పడకముందే దాటేయండి.

నరసాపురంలో రైలుకు వేళుంటే ఒక పని మర్చిపోకండి. అంతర్వేది ఉప్పుగాలి తగిలిన చైను రాత్రికి రాత్రే తుప్పు పట్టడం మొదలవుతుంది. ఏ సైకిల్ షాపు దగ్గరైనా ఆగి మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నాలుగు చుక్కల నూనె వేయించి, ఆ తర్వాతే పార్సిల్ కౌంటరుకు తీసుకెళ్ళండి.